పొట్ట సీటీ స్కాన్: ఏది తీయించాలి, ఎక్కడ తీయించాలి, డబ్బు ఎవరు కడతారు

మా మేనత్త తెచ్చిన ప్లాస్టిక్ కవర్లో మూడు స్కాన్లున్నాయి. ఒకటి పర్లాకిమిడిలో తీసిన అల్ట్రాసౌండ్. రెండోది శ్రీకాకుళంలో తీసిన ప్లెయిన్ సీటీ, అంటే నరానికి మందు ఎక్కించకుండా తీసేది. మూడోది వారం తిరక్కుండానే విశాఖలో తీసిన కాంట్రాస్ట్ సీటీ, అంటే లోపలి భాగాలు బాగా తేలేలా నరానికి మందు ఎక్కించి తీసేది. మూడింటి రసీదులూ ఒకే పిన్నుతో గుచ్చి ఉన్నాయి, మూడింటికీ సొంత డబ్బే కట్టింది. చీర కొంగున ముడేసుకున్న ఆయుష్మాన్ కార్డు మాత్రం ఒక్కసారీ బయటికి రాలేదు.

"అడ్మిట్ అవలేదు కదా పాపా, చెల్లదన్నారు" అంది.

వాళ్లు చెప్పింది నిజమే. కానీ మొదటి స్కాన్ రిపోర్టు చూసినప్పుడే ఎవరైనా కూర్చుని ఆలోచించి ఉంటే, మిగతా రెండింట్లో కనీసం ఒకటి తగ్గేది. అత్త డబ్బే కాదు, ఒంట్లోకి వెళ్లిన ఎక్స్‌రే కిరణాలూ తగ్గేవి.

నేను విశాఖలో ఒక ప్రైవేటు ఆస్పత్రి ఇన్సూరెన్స్ కౌంటర్లో పదకొండేళ్లు పనిచేశాను. ఇప్పుడు ఇంటి దగ్గరే ఉంటున్నాను. మా ఊరు ఒడిశా, ఊరు దాటితే పాతపట్నం, అది ఆంధ్రా. నొప్పొస్తే ఏ బస్సు ముందొస్తే అటు వెళ్లిపోతాం, శ్రీకాకుళమో, బరంపురమో, విశాఖో. జబ్బుకి సరిహద్దు లేదు గానీ కార్డుకి ఉంది. అందుకే గజపతి, గంజాం, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో ఉండే మనవాళ్లు ఈ లెక్క కాస్త ముందే తెలుసుకోవాలి.

లెక్క ఎలా కట్టాలంటే, ముందు డాక్టరుకి ఏ అనుమానం ఉందో తెలియాలి. దాన్నిబట్టి ఏ స్కానో, ఆ స్కాన్‌ని బట్టి ఏ ఊరో, చివరికి ఏ కార్డో తేలుతుంది. మనం మాత్రం ఊరితో మొదలుపెడతాం.

అనుమానాన్ని బట్టి స్కాన్

డాక్టరు చీటీ మీద "సీటీ అబ్డామిన్" అని రెండు మాటలు రాసి ఇస్తే, కుర్చీలోంచి లేవకుండా ఒక్కటి అడగండి. "దేనికోసం చూస్తున్నారు డాక్టర్‌గారూ?" ఆయన చెప్పింది ఆ చీటీ మీదే రాయించుకోండి. స్కాన్ తీసేవాళ్లకి అదే దారి చూపిస్తుంది, రేపు ఇన్సూరెన్స్‌వాళ్లకీ అదే సాక్ష్యం.

గాల్ బ్లాడర్‌లో రాళ్ల అనుమానమైతే సీటీ కన్నా అల్ట్రాసౌండే మేలు. ఖరీదైన మిషనులో చౌక మిషను కన్నా బాగా కనిపిస్తుందనుకుంటాం గానీ, గాల్ బ్లాడర్ రాళ్లలో చాలావాటి సాంద్రత చుట్టూ ఉన్న పైత్యరసంలాగే ఉంటుంది. సీటీలో అవి దాంట్లో కలిసిపోయి కనపడవు. పరగడుపున ఆరు నుంచి ఎనిమిది గంటలు ఏమీ తినకుండా వెళ్తే అల్ట్రాసౌండ్‌లో స్పష్టంగా దొరుకుతాయి.

కిడ్నీ రాయికి లెక్క తిరగబడుతుంది. దానికి కాంట్రాస్ట్ లేని ప్లెయిన్ సీటీయే సరైన పరీక్ష, దాదాపు అన్ని రాళ్లూ అందులో తెల్లగా మెరుస్తాయి. కాంట్రాస్ట్ ఎక్కిస్తే మూత్రనాళాలూ తెల్లబడి చిన్న రాళ్లు వాటి చాటున ఉండిపోవచ్చు. రాయి కోసమే వెళ్లినప్పుడు "కాంట్రాస్ట్ కూడా కలిపి తీసేద్దాం" అంటే ఎందుకని అడగడం తప్పు కాదు.

చీము, పేగుల వాపు, పెద్దవాళ్లలో అపెండిక్స్, గడ్డలు, రక్తనాళాల సమస్య ఇవన్నీ కాంట్రాస్ట్ సీటీ పనులు. లివర్‌లో గడ్డ అనుమానమైతే మామూలు కాంట్రాస్ట్ కూడా చాలదు, ట్రైఫేజిక్ కావాలి, అంటే మూడు దశల్లో తీసేది. లివర్‌కి రక్తం ఎక్కువ భాగం పోర్టల్ సిర ద్వారా వస్తుంది. లివర్ క్యాన్సర్ గడ్డ మాత్రం ధమని రక్తం మీద బతుకుతుంది. అందుకే మందు ఎక్కించిన అర నిమిషానికి ఒకసారి, నిమిషం దాటాక ఒకసారి, కొన్ని నిమిషాలాగి ఇంకోసారి తీస్తారు. గడ్డ ముందు మెరిసి తర్వాత చల్లారిందా లేదా అన్నదే అక్కడ జవాబు. ఇలాంటి మనిషికి తక్కువ ధరకి వస్తుందని ప్లెయిన్ సీటీ తీయిస్తే ఆ డబ్బు నీళ్లలో పోసినట్టే, మళ్లీ తీయక తప్పదు.

పాంక్రియాస్ వాపుని చాలాసార్లు రక్తపరీక్షే పట్టిస్తుంది, లైపేజ్ చూస్తే చాలు. మొదటి రోజే సీటీ తీస్తే జబ్బు తీవ్రత తక్కువగా కనిపించే అవకాశం ఉంది, పాంక్రియాస్ ఎంత దెబ్బతిందో మూడు రోజుల తర్వాత బాగా తెలుస్తుంది. అనుమానం బలంగా ఉంటే డాక్టరు ముందే తీయించవచ్చు. ఆయన ఆగుదామంటే మాత్రం నిర్లక్ష్యం అనుకోవద్దు.

పిత్తనాళంలో, అంటే పైత్యరసం పేగులోకి వెళ్లే గొట్టంలో, రాయి ఇరుక్కుందేమో అన్నప్పుడు ఎమ్మార్సీపీ చేస్తారు. అది ఎమ్మారై మిషను మీద తీసేది, రేడియేషన్ ఉండదు. అత్తకి కావలసింది అదే. ఆవిడ అల్ట్రాసౌండ్ రిపోర్టులో రాళ్లున్నాయని, పిత్తనాళం ఉబ్బిందని, గ్యాస్ అడ్డొచ్చి కింది చివర కనపడలేదని మొదటి రోజే రాసి ఉంది. ఆ చివరి మాట ఎవరూ చదవలేదు. గర్భిణులకీ పిల్లలకీ కూడా ముందు అల్ట్రాసౌండ్, అది చాలకపోతే ఎమ్మారై ఆలోచిస్తారు. గర్భం ఉందేమో అన్న సందేహం ఉన్నా కౌంటర్లోనే చెప్పాలి.

రేడియేషన్ గురించి భయపెట్టడం నా ఉద్దేశం కాదు. పొట్ట సీటీ ఒకసారికి సుమారు 8 మిల్లీసీవర్టులు. నేల నుంచి, ఆకాశం నుంచి మనిషికి మామూలుగా అందేది ప్రపంచ సగటున ఏడాదికి 2.4. అంటే ఒక స్కాన్‌తో మూడేళ్ల మోతాదు. అవసరమైన చోట ఇది లెక్కలోకి రాదు, ప్రాణం ముఖ్యం. ఊరూరా తిరిగి అదే పొట్టకి మూడుసార్లు తీయిస్తే మాత్రం వస్తుంది. ప్లెయిన్, కాంట్రాస్ట్ రెండూ కలిపి తీస్తే మోతాదు సుమారు రెట్టింపు, ట్రైఫేజిక్‌లో ఎన్నిసార్లు తీస్తే అంత.

రిపోర్టులో "హెచ్‌యూ" అని అంకెలు చూసి కంగారుపడేవాళ్లుంటారు. సీటీని తయారుచేసి 1979లో నోబెల్ అందుకున్న గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ పేరు మీద వచ్చిన సాంద్రత కొలత అది. నీరు 0, గాలి మైనస్ 1000, కొవ్వు మైనస్ 100 దరిదాపు. కిడ్నీ మీద తిత్తికి 10 అనో 15 అనో ఉంటే లోపల నీరే ఉందని దాని అర్థం.

కాంట్రాస్ట్ అన్నారంటే క్రియాటినిన్ చూడాల్సిందే

క్రియాటినిన్ అంటే కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష. ఇది మన వైపు వాళ్లకి మరీ ముఖ్యం. ఉద్దానం మనకి పొరుగు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, ప్రతి ఊళ్లోనూ మనకి చుట్టాలున్నారు. అక్కడ కిడ్నీ జబ్బు ఎలా ఉందో చెప్పక్కర్లేదు, పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి కట్టాల్సొచ్చింది. ఆ జబ్బు ఏ లక్షణమూ లేకుండా ఏళ్లకేళ్లు లోపలే నడుస్తుంది. అయోడిన్ ఉన్న కాంట్రాస్ట్ మందుని బయటికి పంపాల్సింది కిడ్నీలే. అందుకే ఆ వైపు పుట్టినవాళ్లకి, షుగర్ ఉన్నవాళ్లకి, బీపీ ఉన్నవాళ్లకి, నొప్పి మాత్రలు రోజూ మింగేవాళ్లకి తాజా క్రియాటినిన్ చూడకుండా కాంట్రాస్ట్ వద్దు. పరీక్ష చవక, ఫలితం అదే రోజు వస్తుంది. ప్రాణం మీదికొచ్చిన ఎమర్జెన్సీలో డాక్టర్లు దానికోసం ఆగకపోవచ్చు, అది వేరు.

షుగర్‌కి మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకునేవాళ్లు ఆ మాట చెప్పాలి. కిడ్నీ పనితీరు బాగా తగ్గినవాళ్లకి స్కాన్ రోజు ఆపించి, 48 గంటల తర్వాత కిడ్నీ పరీక్ష చూసి మళ్లీ మొదలుపెట్టిస్తారు. మిగతావాళ్లకి చాలాసార్లు ఆ అవసరమే ఉండదు. మీ అంతట మీరు ఆపొద్దు. ఇదివరకు కాంట్రాస్ట్‌కి దద్దుర్లు, ఆయాసం వచ్చి ఉంటే అది ఫైలు పైనే పెద్దక్షరాలతో రాయించండి.

మందు ఎక్కేటప్పుడు ఒళ్లంతా వేడెక్కుతుంది, నోట్లో ఇనుము నాకినట్టుంటుంది, ఒంటికి పోసుకున్నామేమో అనిపిస్తుంది. నిమిషంలో పోతుంది. ముందే చెప్తే పెద్దవాళ్లు హడలిపోరు.

ఇంకోటి. మిషను లోపల రికార్డు చేసిన గొంతు వినిపిస్తుంది, ఊపిరి తీసుకో, పట్టుకో, వదులు అని. చాలాచోట్ల అది ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటుంది. మా అమ్మ స్కాన్‌లో ఏం జరిగిందంటే, పట్టుకోమన్నప్పుడు వదిలేసింది, వదలమన్నప్పుడు "ఏటంటున్నారు బాబూ?" అని అడిగింది. బొమ్మ చెదిరింది, మళ్లీ తీశారు. లోపలికి పంపే ముందే టెక్నీషియన్ చేత తెలుగులోనో ఒడియాలోనో రెండుసార్లు చేయించండి.

ఏ ఊరు వెళ్లాలి

బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ మన పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతి పేరు మీద ఉన్నదే. సీటీతోపాటు సర్జన్, ఐసీయూ అన్నీ ఒకే ఆవరణలో ఉంటాయి. ఒడిశా ప్రభుత్వ ఆస్పత్రుల్లో నిదాన్ పథకం కింద పరీక్షలు ఉచితం. అడ్మిట్ కాకుండా సీటీ కావలసిన పేదవాళ్లకి నేను ముందుగా చెప్పేది ఇదే. రద్దీ ఉంటుంది, ఒక రోజు పోతుంది, తేదీ ఇస్తారు. ఆగగలిగిన జబ్బైతే ఆగండి. కొరాపుట్ వైపు వాళ్లకి అక్కడి శహీద్ లక్ష్మణ్ నాయక్ మెడికల్ కాలేజీ ఉంది.

శ్రీకాకుళంలో ప్రైవేటు స్కాన్ సెంటర్ అయితే దూరం తక్కువ, పని త్వరగా అవుతుంది. కానీ అక్కడ కార్డు పనిచేస్తుందని ఆశపడొద్దు, కార్డులు నడిచేది అడ్మిషన్ ఇచ్చే ఆస్పత్రుల్లో. ధర ఫోన్లో అడిగేటప్పుడు అంతా కలిపి అడగండి. కాంట్రాస్ట్ మందు, క్రియాటినిన్, సీడీ వేరే అంటే మొదట చెప్పిన అంకెకి అర్థం లేదు.

విశాఖ ఎప్పుడంటే, ఆపరేషన్ అక్కడే అనుకున్నప్పుడు. సర్జరీ ఎక్కడో స్కాన్ కూడా అక్కడే తీయించడం మేలు. ఇక్కడ తీయించి తీసుకెళ్లేట్టయితే సీడీ తప్పనిసరి. సర్జన్‌కి కాగితం మీద రిపోర్టు చాలదు, వందల బొమ్మలు తిప్పి చూసుకోవాలి. అత్త దగ్గర సీడీ లేదు, ఫిల్ము ఒక్కటే. రెండో సీటీ రాయడానికి అదీ ఒక కారణమే.

కడుపు చెక్కలా గట్టిపడటం, రక్తం కక్కడం, నల్లటి విరోచనం, జ్వరంతో కామెర్లు, స్పృహ తగ్గడం ఉంటే ఈ పోలికలన్నీ పక్కన పెట్టి దగ్గర్లో ఉన్న పెద్ద ఆస్పత్రికి పదండి. 108కి ఫోన్ చేయండి.

కార్డు, పాలసీ: డబ్బు వచ్చే దారి

నా కౌంటర్ ముందు ఎక్కువ కన్నీళ్లు చూసింది ఇక్కడే. అందుకే కాస్త నిదానంగా చెప్తాను.

ఇన్సూరెన్స్ డబ్బిచ్చేది స్కాన్‌కి కాదు, అడ్మిషన్‌కి. స్కాన్ ఆ అడ్మిషన్ వెనక నడుస్తుంది. ఈ ఒక్కటి పట్టుకుంటే మిగతావన్నీ అర్థమవుతాయి.

ఒడిశాలో 2025 ఏప్రిల్ నుంచి ఆయుష్మాన్ భారత్, గోపబంధు జన ఆరోగ్య యోజన కలిపి నడుస్తున్నాయి. కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, ఇంటి ఆడవాళ్లకి అదనంగా ఇంకో 5 లక్షలు. పథకంలో చేరిన ఆస్పత్రి అయితే వేరే రాష్ట్రంలోనూ చెల్లుతుంది, అంటే విశాఖలోనూ. కానీ ఓపీకి లేదు. అడ్మిషన్‌కి ముందు మూడు రోజులు, డిశ్చార్జి తర్వాత పదిహేను రోజుల పరీక్షలు, మందులు ప్యాకేజీలో ఉంటాయి. ఆ లెక్క ఆస్పత్రికీ పథకానికీ మధ్య తేలేది. మీరు బయట ఎక్కడో కట్టిన రసీదు పట్టుకెళ్తే చేతికి డబ్బు రాదు.

ప్రైవేటు పాలసీలో ఇది వేరేగా ఉంటుంది. చాలా పాలసీల్లో అడ్మిషన్‌కి ముందు 30 రోజుల ఖర్చు, తర్వాత 60 రోజుల ఖర్చు, అదే జబ్బుకి సంబంధించినదైతే, వెనక్కి ఇస్తారు. ఓపీలో సొంత డబ్బుతో తీయించిన సీటీ అయినా, పదిహేను రోజుల తర్వాత అదే కారణానికి ఆపరేషన్ జరిగితే ఆ బిల్లు పెట్టుకోవచ్చు. అసలు బిల్లు, డాక్టరు చీటీ, రిపోర్టు మూడూ ఉండాలి. చీటీ లేని స్కాన్ బిల్లుని పక్కన పెట్టేస్తారు.

కాబట్టి ఆపరేషన్ దాదాపు ఖాయమనిపిస్తే, ఆయుష్మాన్ కార్డువాళ్లు సొంత డబ్బుతో స్కాన్‌కి పరుగెత్తకుండా ముందు ఆస్పత్రిలో కార్డు డెస్క్ దగ్గర అడగాలి, అడ్మిషన్ నమోదయ్యాక స్కాన్ తీయొచ్చా అని. ప్రైవేటు పాలసీవాళ్లు ముందే తీయించుకున్నా పెద్ద నష్టం లేదు, కాగితాలు జాగ్రత్తగా ఉంటే చాలు.

ఇక్కడే ఒక చెడ్డ సలహా వినిపిస్తుంది. "ఒక రాత్రి పడుకో, సీటీ ఇన్సూరెన్స్‌లో పెట్టేద్దాం" అని. వద్దు. పరీక్షల కోసమే అయిన అడ్మిషన్‌కి చెల్లించరని పాలసీల్లో స్పష్టంగా రాసి ఉంటుంది. క్లెయిమ్ పోతుంది, గది అద్దె మీ నెత్తిన పడుతుంది. నిజంగా సెలైన్, ఇంజెక్షన్లు, పరిశీలన అవసరమై చేరితే అది వేరు, కేసు షీటే ఆ మాట చెప్తుంది.

క్యాష్‌లెస్, అంటే కంపెనీయే నేరుగా ఆస్పత్రికి కట్టే పద్ధతి, అడిగితే కంపెనీ గంటలో జవాబివ్వాలని, డిశ్చార్జి అనుమతి మూడు గంటల్లో ఇవ్వాలని ఇన్సూరెన్స్ కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ 2024లో చెప్పింది. ఆలస్యమైతే ఆ మాట గట్టిగా అడగొచ్చు. పాలసీలో ఉన్న గది అద్దె పరిమితి దాటితే, ఎంత వంతు దాటిందో ఆ వంతున మిగతా బిల్లూ కోస్తారు గదా, ఆ కోత పరీక్షల ఖర్చుకి, మందులకి వర్తించకూడదు. బిల్లులో సీటీ మీద కోత కనిపిస్తే ప్రశ్నించండి. నేను చూసినంతలో ఈ సంగతి తెలిసి అడిగినవాళ్లు చాలా తక్కువ.

పాలసీ కొత్తదైతే కాగితం చదవండి. గాల్ బ్లాడర్ రాళ్లు, కిడ్నీ రాళ్లు, హెర్నియా వంటివాటికి చాలా పాలసీల్లో రెండేళ్లు ఆగాలి. పాలసీ తీసుకునేనాటికే ఉన్న జబ్బుకి గరిష్ఠంగా మూడేళ్లు. 2025 సెప్టెంబరు 22 నుంచి సొంతంగా, కుటుంబానికి తీసుకునే ఆరోగ్య పాలసీల ప్రీమియం మీద జీఎస్టీ లేదు. ఇన్నాళ్లూ వాయిదా వేసినవాళ్లకి ఇదొక వెసులుబాటు.

నెల జీతం 21,000 లోపు ఉండి ఈఎస్ఐ కోత పడేవాళ్లు, ముఖ్యంగా రాయగడ వైపు ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లు, ఈ గొడవలో పడక్కర్లేదు. ఈఎస్ఐలో ఓపీ కూడా ఉంది. వాళ్ల డిస్పెన్సరీ నుంచి రెఫరల్ రాయించుకుని వెళ్లాలి, నేరుగా ప్రైవేటుకి వెళ్లి తర్వాత అడిగితే కష్టం.

ఆంధ్రా ప్రభుత్వ వైద్య పథకం ఎన్టీఆర్ వైద్య సేవ అక్కడి కుటుంబాలకి. మనది ఒడిశా రేషన్ కార్డైతే అది మనది కాదు. పాతపట్నం చెల్లెలి కార్డు మీద అక్కని చేర్పించాలని చూసిన కుటుంబం నా కౌంటర్‌కే వచ్చింది. వేలిముద్ర దగ్గర ఆగిపోయారు, ఆగకపోయుంటే కేసయ్యేది. అటునుంచి ఇటు కోడలిగా వచ్చిన పిల్ల పేరు ఇంకా పుట్టింటి కార్డులోనే ఉంటే, ఆరోగ్యంగా ఉన్నప్పుడే మార్పించండి.

ఒక అక్షరం, ఒక పేరు

ఒకతను తీవ్రమైన పొట్టనొప్పితో చేరాడు. రెండు రోజులుగా నొప్పి. రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరు అడిగితే, కంగారులో "రెండేళ్ల కింద కూడా ఒకసారి ఇలాగే వచ్చింది" అన్నాడు. కేసు షీటులో "రెండేళ్లుగా నొప్పి" అని పడింది. పాలసీ వయసు పధ్నాలుగు నెలలు. పాత జబ్బు దాచారని క్లెయిమ్ కొట్టేశారు. ఆ కాగితం సరిచేయించి, డాక్టరు ఉత్తరం జతచేసి, మళ్లీ పంపి డబ్బు రాబట్టడానికి నాలుగు నెలలు పట్టింది. భర్త పక్కన స్టూలు మీద కూర్చుని గాజులు తీసి రుమాల్లో కట్టుకున్న ఆ ఇల్లాలు నాకింకా గుర్తే. చేరిన రోజే కేసు షీటులో ఏం రాశారో చదివించుకోండి. ఉన్న జబ్బు దాచమని చెప్పడం లేదు, లేనిది పడకుండా చూసుకోమంటున్నాను.

పేరు కూడా అంతే. ఒడియా నుంచి ఇంగ్లీషులోకి వచ్చిన లక్ష్మికి మధ్యలో ఎక్స్ అక్షరం ఉంటుంది, తెలుగు నుంచి వచ్చిన లక్ష్మికి కె, ఎస్, హెచ్ ఉంటాయి. ఆధార్‌లో ఒకటి, పాలసీలో ఇంకొకటి, స్కాన్ రిపోర్టులో వయసు వేరొకటి. స్కాన్ సెంటర్లో పేరు నోటితో చెప్పకండి, ఆధార్ ఇచ్చి చూసి రాయమనండి.

క్లెయిమ్ తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడగండి. ముందు కంపెనీకే ఫిర్యాదు. నెల దాటినా జవాబు రాకపోతే, వచ్చినా న్యాయంగా లేకపోతే, ఏడాది లోపు ఇన్సూరెన్స్ తగాదాలు తీర్చే అధికారి, ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కి రాయవచ్చు. ఒడిశా వాళ్లకి ఆ కార్యాలయం భువనేశ్వర్‌లో ఉంది. లాయరు అక్కర్లేదు, ఫీజు లేదు. ఆయుష్మాన్ కార్డు సంగతులకి 14555.

అత్త విషయానికొస్తే, కార్డు చెల్లే ఆస్పత్రేదో ఆ నంబర్లో కనుక్కుని, ఫైలు తేదీలవారీగా సర్ది, విశాఖ స్కాన్ సీడీ తెప్పించి పైన పెట్టాం. అడ్మిషన్ నమోదయ్యాకే ఎమ్మార్సీపీ తీశారు. దానికి అత్త రూపాయి కట్టలేదు. పిత్తనాళం కింది చివర రాయి దొరికింది, మొదటి రోజు గ్యాస్ అడ్డొచ్చి కనపడలేదన్న చోటే. ఎమ్మార్సీపీకి కూడా ఊపిరి బిగబట్టాలి కదా, అందుకని ముందు రోజు రాత్రి మా అరుగు మీద కూర్చోబెట్టి నేర్పించాను. నేను వేళ్ల మీద లెక్కపెడుతుంటే మొదటిసారి ఏడు దగ్గర నవ్వేసింది. మూడోసారికి పదిహేను దాకా పట్టింది.